కుర్మయ్య తాగలేదు

ఒక మాట నేను చెప్పలేదు. సందర్భం దొరక్క కాదు. అందరి ముందు, నా ముఖంలోకి చూస్తూ అడిగారు. నాకు జవాబు తెలుసు. తెలిసీ అబద్ధమాడాను. ఆ మాట ఏళ్ళ తరబడి కరగని గోళీలా నా గొంతులోనే ఉండిపోయింది. నీళ్ళు తాగితే లోపలికి దిగలేదు, దగ్గితే బయటికి రాలేదు. ఉదయం దుకాణం షట్టరు ఎత్తేటప్పుడు ఉంది, సాయంత్రం దించేటప్పుడూ ఉంది. ఎవరైనా నన్ను మంచి మనిషి అన్నప్పుడు మరీ ఎక్కువగా ఉంది.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఓదార్పు కోసం రాస్తున్నానని మాత్రం అనుకోకండి. మీరు ఓదారిస్తే నాకు కోపం వస్తుంది. చనిపోయిన ఒక మనిషి గురించి మా వైపు ఒక కథ తిరుగుతోంది. పాన్‌గల్ దగ్గరి ఒక ఊళ్ళో పుట్టి, ఇటు గద్వాల దాకా, అటు నాగర్‌కర్నూల్ దాకా పోయింది. ఆ కథ అబద్ధం. దాన్ని పుట్టించింది నేను. నా పేరు రాయను. అతని పేరు మాత్రం మార్చకుండా రాస్తున్నాను, ఎందుకంటే బాగుపడవలసింది ఆ పేరే.

కుర్మయ్య నాకు షడ్డకుడు. నా భార్య చెల్లెలు బాలమణి అతని భార్య. నేను వనపర్తిలో మందుల దుకాణం నడిపేవాణ్ణి. అతను కొత్తకోటలో ఉండి, ఖాదర్ భాయ్ అనే ఆయన లారీని బెంగళూరు రోడ్డు మీద తిప్పేవాడు. మా అత్తగారి ఊరు పాన్‌గల్ దగ్గర. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళ మాట ఇది. అప్పట్లో మాదంతా ఒకటే జిల్లా.

ముందే ఒకటి చెప్పాలి. కుర్మయ్య అంటే నాకు గిట్టదు. 'గిట్టేది కాదు' అని రాయబోయి ఆగాను. అతను పోయి ఇన్నేళ్ళయినా గిట్టదు. తప్పు ఒప్పుకునేవాళ్ళు చనిపోయినవాణ్ణి దేవుణ్ణి చేసి ఏడుస్తారు. నాకు అది చేతకాదు. అతను పెద్ద గొంతు మనిషి. ఎక్కడ కూర్చుంటే అక్కడ నవ్వులు. బెంగళూరు నుంచి వస్తూ అత్తగారింటికి ద్రాక్ష బుట్ట తెచ్చేవాడు, మామ వాటిని ఊరంతా పంచి 'మా చిన్నల్లుడు తెచ్చిండు' అనేవాడు. నేను తెచ్చే జ్వరం గోళీలు, నొప్పుల నూనె ఎవరికీ పంచేవి కావు.

ఒకసారి నా భార్యతో అత్తగారింటికి పోతుంటే వనపర్తి దాటాక స్కూటరు ఆగిపోయింది. ఎండలో నెట్టుకుంటూ పోతున్నాం. వెనక నుంచి కుర్మయ్య లారీ వచ్చి ఆగింది. వదినా అంటూ నా భార్యను క్యాబిన్‌లో కూర్చోబెట్టాడు. స్కూటరునూ నన్నూ వెనక ఉల్లిగడ్డ బస్తాల మీదికి ఎక్కించాడు. నేరుగా అత్తగారి వాకిట్లోకి తెచ్చి ఆపి, హారన్ కొట్టి, ఇంటివాళ్ళంతా బయటికి వచ్చాక అన్నాడు: "మామా, వనపర్తి నుంచి మందుల మాల్ వచ్చింది. జర మెల్లగ దించుకోండ్రి, సీసాలున్నయి."

అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. ఆ తర్వాత ఎన్నేళ్ళయినా ఏ పెళ్ళిలోనైనా, ఏ పండుగలోనైనా నేను కనిపిస్తే ఎవరో ఒకరు 'మాల్ వచ్చింది' అనేవాళ్ళు. అతను చేసింది సాయం. ఆ ఎండలో ఎవరూ చేయని సాయం. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఉల్లిగడ్డ వాసన. ఇంత చిన్నదానికా, అని మీరు అడుగుతారు. నేనూ అడుగుతాను. ఇంత చిన్నదానికే.

కొన్నాళ్ళకు కుర్మయ్య చిక్కిపోవడం మొదలైంది. తిన్నది సయించేది కాదు, ఎడమ పక్క కడుపు గట్టిగా బరువుగా ఉందనేవాడు. చెమటలు పట్టేవి. వనపర్తిలో రక్తపరీక్ష నేనే చేయించాను. తెల్ల కణాలు ఉండవలసిన దానికి ఎన్నో రెట్లు ఉన్నాయి. ల్యాబు అతను తన లెక్కను తనే నమ్మలేక మళ్ళీ రక్తం తీశాడు. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. తుంటి ఎముకలోంచి మజ్జ తీసి చూశారు. రక్తానికి వచ్చే క్యాన్సర్ అన్నారు.

మామ నన్ను పక్కకు పిలిచి, పేరు మాత్రం వానికి చెప్పొద్దు అన్నాడు. మా వైపు అంతే. ఆ జబ్బు పేరు రోగికి తప్ప అందరికీ తెలుస్తుంది. రక్తంలో తెల్ల కణాలు ఎక్కువైనాయని మాత్రం చెప్పాలని అనుకున్నాం. బాలమణికి కూడా అంతే చెప్పాం. నేను డాక్టరును బతిమాలాను, ఏదున్నా నాతోనే చెప్పండి, అతని ముందు వద్దని. ఆయనకు అది నచ్చలేదు. అయినా నేను మందుల దుకాణం మనిషిని కదా అని, కుర్మయ్యను రక్తం ఇవ్వడానికి పంపి, నన్ను కూర్చోబెట్టి అంతా విడమరిచి చెప్పాడు.

ఆయన చెప్పింది ఇప్పటికీ మాట పొల్లు పోకుండా చెప్పగలను. ఒంట్లోని ప్రతి కణంలో ప్రోటీన్లు పనిచేస్తుంటాయట. ఎప్పుడు పని మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో వాటికి చెప్పే ఎంజైములు వేరే ఉంటాయట. కుర్మయ్య రక్తంలో అలాంటి ఒక ఎంజైము చెడిపోయింది. అది 'మొదలుపెట్టు' అంటూనే ఉంటుంది, 'ఆపు' అనడం దానికి తెలియదు. అందుకే తెల్ల కణాలు అలా పుడుతూనే ఉన్నాయి. పాత మందులు మంచీ చెడూ చూడకుండా అన్ని కణాలనూ కొట్టేవి. ఈ కొత్త మాత్ర అలా కాదు, పోయి సరిగ్గా ఆ ఎంజైమునే పట్టుకుంటుంది. అతను ఏం పని చేస్తాడని అడిగాడు డాక్టరు. లారీ డ్రైవర్ అన్నాను. అయితే ఇలా చెప్పండి అన్నాడు: యాక్సిలరేటర్ తొక్కినచోటే ఇరుక్కుపోయింది, కాలు తీసినా బండి ఉరుకుతూనే ఉంది, ఈ మాత్ర దాన్ని పైకి లాగి పట్టుకుంటుంది, పట్టుకున్నంతసేపే, వదిలితే మళ్ళీ ఉరుకుడే. డ్రైవర్ కాబట్టి ఒక్కసారి చెబితే అర్థమవుతుంది, పేరు చెప్పకపోయినా ఇది చెప్పండి అన్నాడు.

తర్వాత ఇంకొకటి చెప్పాడు. ఈ మాత్రతో పొద్దున లేచేసరికి కళ్ళు ఉబ్బుతాయి, ముఖం నీరు పట్టినట్టు ఉంటుంది. నల్లటి ఒళ్ళు తెల్లబడుతుంది. చూసేవాళ్ళు ఏదేదో అనుకుంటారు, అతను భయపడతాడు. భయం లేదని ముందే చెప్పండి. ఉబ్బు మరీ ఎక్కువైతే తీసుకురండి, తగ్గడానికి మందుంది. ఎట్టి పరిస్థితిలోనూ మాత్ర మానకూడదు. మీరే చెప్పాలి, అన్నాడు. చెబుతాను సార్ అన్నాను.

తిరుగు బస్సులో కుర్మయ్య కిటికీ పక్కన కూర్చుని జామకాయ తింటున్నాడు. చెప్పడానికి నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. అంతలో అతను నవ్వి అన్నాడు: "అన్నా, నువ్వు పెద్ద సార్లతోని మాట్లాడుతుంటే నర్సమ్మలు నిన్ను గూడ డాక్టరే అనుకున్నరు. నీ చేతుల టిఫిన్ డబ్బ చూసినంక తెల్సింది, నువ్వు మా మాల్ అని."

నోరు మూసుకున్నాను. కాసేపయ్యాక, అన్నం తిన్నాక రోజూ ఒక మాత్ర, మానొద్దు, అని మాత్రం చెప్పాను. దవాఖానలో డాక్టర్లను ప్రశ్నలు అడగొద్దని, వాళ్ళకు విసుగొస్తుందని, ఏదున్నా నేను మాట్లాడతానని కూడా చెప్పాను. అప్పటికి నాకు ఏ ఉద్దేశమూ లేదని చాలా ఏళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. ఉద్దేశం లేనివాడు ఆ చివరి మాట ఎందుకు చెబుతాడు? మరిచిపోయానా? మరిచిపోతే ఇప్పుడు ఇంత వివరంగా ఎలా రాస్తున్నాను? అతనికి తెలియనిది ఒకటి నాకు తెలుసు. అతను తన ఒంటి గురించి భయపడి నా దగ్గరికి వచ్చి అడగాలి. నవ్వకుండా అడగాలి. నేను కోరుకున్నది అదేననుకుంటాను.

మాత్ర పనిచేసింది. కడుపు బరువు తగ్గింది, తెల్ల కణాలు దారికి వచ్చాయి, మనిషి మళ్ళీ లారీ ఎక్కాడు. మాత్రలు దవాఖానవాళ్ళే ఉచితంగా ఇచ్చేవారు. దుకాణానికి సరుకు కోసం హైదరాబాదు పోయినప్పుడు అతని కార్డు చూపించి నేనే తెచ్చి బాలమణికి ఇచ్చేవాణ్ణి.

కళ్ళు ఉబ్బడం అప్పుడే మొదలైంది. పొద్దున్నే చూస్తే రెండు కళ్ళ కింద తిత్తులు వేలాడేవి, రెప్పలు బరువుగా సగం మూసుకుని ఉండేవి. కాటుక రంగు మనిషి మెల్లగా తెల్లబడసాగాడు, అదీ ఒక తీరుగా కాక మరకలు మరకలుగా. కొత్తకోట ధాబాల్లో మొదట నవ్వులాట. బెంగళూరులో ఏ పౌడరు కొంటున్నావని అడిగేవాళ్ళట. అతనే అందరికన్నా ముందు నవ్వేవాడట. తర్వాత నవ్వు పోయి గుసగుస వచ్చింది. డ్రైవర్, పొద్దున్నే ఉబ్బిన ముఖం. జనం దానికి ఇంకేం అర్థం చెప్పుకుంటారు? ఖాదర్ భాయ్ చెడ్డవాడు కాదు, కానీ తన బండి కింద ఎవరైనా పడితే ఆ పాపం తనదంటాడు. బండి తాళాలు తీసుకున్నాడు.

ఆ మధ్య పరీక్షకు పోయినప్పుడు డాక్టరు కుర్మయ్య ముఖం చూసి, ఇతనికి చెప్పారు కదా అని నన్ను ఇంగ్లీషులో అడిగాడు. చెప్పాను సార్ అన్నాను. కుర్మయ్య పక్కనే నిలబడి మా ఇద్దరి ముఖాలూ చూశాడు. నేను చెప్పినట్టే, ప్రశ్న అడగలేదు.

లారీ పోయాక మామ అందరినీ పిలిపించాడు. అత్తగారి వాకిట్లో మంచాలు వేశారు. మామ, ఆయన అన్నదమ్ములు, ఊరి పెద్దలు ఇద్దరు ముగ్గురు, ఖాదర్ భాయ్ కూడా వచ్చాడు. కుర్మయ్య నేల మీద కూర్చున్నాడు. తాగుడు మానేస్తే బండి ఇప్పిస్తామని పెద్దలు, తాగితే గదా మానేది అని అతను. మాట పెరిగింది. బాలమణి గడపలో నిలబడి ఉంది. ఆమె ఒక్కతే అతన్ని నమ్మింది. ఆ నమ్మకంతోనే నా వైపు తిరిగింది.

"బావా, నువ్వు ఆయనెంట దవాఖానకు పోతివి. గోళీలు నువ్వే తెస్తుంటివి. గీ ఉబ్బు గా గోళీలతోనేనా?"

అందరూ నన్ను చూశారు. కుర్మయ్య తలెత్తాడు.

"చెప్పన్నా," అన్నాడు. "నాకైతే ఏం తెల్వదు. నీకు ఎర్కుంటది. జర నువ్వన్న చెప్పు."

మొదటిసారి. నవ్వు లేకుండా, వెటకారం లేకుండా. నేను కోరుకున్నట్టే అడిగాడు. ఇప్పుడైనా చెప్పి ఉండవచ్చు కదా? చెబితే ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని మామ అడుగుతాడు. అది ఒక కారణం. దానికన్నా పెద్దది ఇంకొకటి ఉంది, రాయడానికి సిగ్గుగా ఉంది: అతను నేల మీద ఉన్నాడు, నేను మంచం మీద ఉన్నాను. అలాగే ఇంకాస్త సేపు ఉండాలనిపించింది.

"గోళీలతోని గట్ల కాదు," అన్నాను.

"నిజంగనా బావా?"

"నేను రోజు అమ్మేటోణ్ణి. నాకు తెల్వదా?"

బాలమణి గడప మీద కూలబడింది. కుర్మయ్య నవ్వాడు, కానీ అది అతని నవ్వు కాదు.

"అయితే నేనే తాగుతున్ననేమో. నాకే తెల్వకుంట."

మల్దకల్ తిమ్మప్ప గుడిలో ప్రమాణం చేస్తే నమ్ముతానన్నాడు మామ. కుర్మయ్య వెంటనే సరే అన్నాడు. అందరం కలిసి పోయాం. అతను నెత్తి మీద నీళ్ళు పోసుకుని, తడి బట్టలతో నిలబడి, కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, నేను తాగలేదు, తాగితే నా రక్తం విరిగిపోనీ అన్నాడు. ఆ మాట ఎవరూ అనమనలేదు. రక్తం జబ్బని చెప్పాం కదా, అతనికి అదే నోటికి వచ్చింది. పక్కన అతని పొడి బట్టలు పట్టుకుని నిలబడ్డది నేను. ప్రమాణం అయ్యాక చొక్కా అందించింది నేను.

మర్నాడు పొద్దునా కళ్ళు ఉబ్బే ఉన్నాయి. ఉబ్బకుండా ఎలా ఉంటాయి? మాత్ర వేసుకున్నాడు కదా. దేవుడి ముందు అబద్ధమాడి వచ్చి మళ్ళీ తాగాడన్నారు. ఒంటి మీది తెల్ల మరకలు చూపించి దేవుడు అప్పుడే గుర్తు పెట్టాడన్నారు. ఆ మరకలు ప్రమాణానికి ముందు నుంచే ఉన్నాయని ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తున్న నేను పలకలేదు.

కొన్ని వారాలకు అత్తగారి ఊళ్ళో ఎల్లమ్మ పండుగ. మధ్యాహ్నం బంతిలో కూర్చున్నాను. ఎదురుగా కుర్మయ్య వచ్చి కూర్చున్నాడు. అతని ముఖం చూసి నా చేతిలో ముద్ద ఆగిపోయింది. కళ్ళ కింద తిత్తులు లేవు. రెప్పలు తేలిగ్గా ఉన్నాయి. బుగ్గల మీద పాత నలుపు తిరిగి వస్తోంది. అత్త వడ్డిస్తూ, చూడు నాయనా, మానేసినంక మొకం ఎంత తేటపడ్డదో, అని మురిసిపోయింది. ఖాదర్ భాయ్ మళ్ళీ బండి ఇచ్చాడని ఎవరో చెప్పారు. అందరూ అతనికి ఇంకో ముక్క వేయమంటున్నారు.

ఆ వాకిట్లో అంతమందిలో నాకొక్కడికే తెలుసు, ఆ ముఖం ఎందుకు తేటపడిందో. అతను ప్రమాణం చేశాడు, తాగలేదని అతనికి తెలుసు. ఉబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తనే వెతుక్కున్నాడు. ఒంట్లోకి కొత్తగా పోతున్నది ఒక్క గోళీయే. నా మాట నమ్మలేదు, గోళీ ఆపి చూశాడు. ముఖం మామూలైంది. పోయిన పరువు వచ్చింది, లారీ వచ్చింది, ఇంకో ముక్క వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్ళీ మింగమంటారు. జబ్బు పేరు అతనికి తెలియదు. ఇరుక్కున్న యాక్సిలరేటర్ సంగతి తెలియదు. కడుపు బరువు లేదు, నీరసం లేదు, ఇంకెందుకు అనుకుని ఉంటాడు. బంతిలోంచి నన్ను చూసి, నీ సంగతి నాకు తెలుసు అన్నట్టు కొంచెం నవ్వాడు.

నేను ముద్ద తిన్నాను.

మొదటి అబద్ధం కోపంలో వచ్చింది, పగలో వచ్చింది, ఏదో ఒకటి అనుకోండి. దీనికి ఏం పేరు పెట్టను? లేచి అతని పక్కకు పోయి చెవిలో చెబితే చాలు. గోళీ మానొద్దురా, నేను అబద్ధం చెప్పిన, మానితే చస్తవు. బంతిలో ఎవరికీ వినబడేది కూడా కాదు. అతనికి మాత్రం వినబడుతుంది, అతను నవ్వుతాడు, ఆ నవ్వు తర్వాత నేను ఎప్పటికీ మంచం మీద కూర్చోలేను. తర్వాతి పరీక్షలో డాక్టరే కనిపెడతాడులే అని నాకు నేను చెప్పుకున్నాను. పరీక్ష రోజు వచ్చేసరికి అతను బెంగళూరులో ఉన్నాడు. పోనీలే, వచ్చేసారి, అన్నాను. మాత్రలు మాత్రం ఎప్పటిలాగే తెచ్చి బాలమణి చేతికి ఇస్తూనే ఉన్నాను. ఇవ్వడం నా పని, మింగడం అతని పని, అని ఎంత నిబ్బరంగా అనుకున్నానో.

తర్వాతది త్వరగా రాస్తాను. చిగుళ్ళ నుంచి రక్తం. ఒంటి మీద దెబ్బ తగలకుండానే నల్లని కముకులు. జ్వరం. ఒక రోజు కొత్తకోట చేరకముందే లారీ పక్కకు ఆపి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. హైదరాబాదు తీసుకుపోయాం. డాక్టరు రక్తం చూసి, గోళీ మానేశావా అని నేరుగా అతన్నే అడిగాడు. మానేసిన సార్, మొకం ఉబ్బుతుండె, అందరు తాగుతుండని అనవట్టిరి, అన్నాడు కుర్మయ్య. డాక్టరు నా వైపు తిరిగి, మీరు చెప్పలేదా అన్నాడు.

చెప్పాను సార్, వినలేదు, అన్నాను.

కుర్మయ్య ముందే అన్నాను. ఈసారి ఇంగ్లీషులో కాదు, తెలుగులోనే అన్నాను. అతను కళ్ళు తెరిచి నన్ను చూశాడు. కాదంటాడని ఎదురుచూశాను. కాదంటే ఒప్పుకునేవాణ్ణా? ఏమో. అతను ఏమీ అనకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎప్పుడూ నోరు మూతపడని మనిషి. బాలమణి బయట వరండాలో ఉంది. ఆమెకు అతను ఏమీ చెప్పలేదు. మళ్ళీ మాత్ర మొదలుపెట్టారు, వేరే మందులూ ఎక్కించారు. జబ్బు అప్పటికే చేయి దాటిపోయింది. ఆ మాత్ర దేన్నీ పట్టుకోలేకపోయింది. అతను మళ్ళీ ఇంటికి రాలేదు.

కర్మకాండలు అయ్యాక బాలమణి ఒక స్టీలు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. నిండా విప్పని గోళీల అట్టలు. బియ్యం బస్తా వెనక దొరికాయంది. ఎవరికన్నా అక్కరకొస్తాయేమో తీసుకుపోమంది. ఎందుకు మానేశాడో నీకేమన్నా తెలుసా బావా అని అడిగింది. తెలియదన్నాను. డబ్బా తీసుకుపోయాను.

ఇక కథ పుట్టింది. కుర్మయ్య తాగేవాడు. తాగలేదని తిమ్మప్ప ముందు అబద్ధపు ప్రమాణం చేశాడు. భయపడి తాగుడు మానేస్తే ముఖం తేటపడింది కానీ దేవుడు వదల్లేదు. తన నోటితో అన్నట్టే రక్తం విరిగి చచ్చాడు. అన్నీ ఎంత బాగా అతుక్కున్నాయో చూడండి. ఎవరైనా నా ముందు ఈ కథ చెబితే నేను తల ఊపేవాణ్ణి.

కొన్నేళ్ళ తర్వాత నేను అత్తగారింట్లో ఉండగా, బోరు మోటారు దొంగతనం పంచాయతీ ఒకటి మామ దగ్గరికి వచ్చింది. ఒక యువకుడు ప్రమాణానికి సిద్ధమన్నాడు. మామ అతనికి బుద్ధి చెబుతూ, ఆలోచించుకో బిడ్డా, మా చిన్నల్లుని సంగతి ఎర్కే గదా, అన్నాడు. ఊరికే, అలవాటుగా అన్నాడు. బాలమణి అక్కడే కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు. చేతులు ఆగలేదు. ఆ మాట ఆమె ఎన్నిసార్లు విని ఉంటే చేతులు ఆగకుండా ఉంటాయి?

అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. అది కూడా రాయాలి. వనపర్తి వచ్చి దుకాణం తెరిచాను. ఒక ముసలాయన తన గోళీలు చూపించి, వీటితో ఏమన్నా ఇబ్బంది ఉంటుందా అని అడిగాడు. కొంచెం తల తిరుగుతుంది, భయపడకు, మానొద్దు, అని చెప్పాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆయన పోయాక షట్టరు దించేశాను.

ఆ వారమే మామను అడిగి, మళ్ళీ మంచాలు వేయించాను. అప్పటి పెద్దల్లో బతికి ఉన్నవాళ్ళంతా వచ్చారు, ఖాదర్ భాయ్ కూడా వచ్చాడు. ఈసారి నేను నేల మీద కూర్చున్నాను. జబ్బు పేరు చెప్పాను. ఎంజైము సంగతి, ఇరుక్కున్న యాక్సిలరేటర్ సంగతి, కళ్ళ ఉబ్బు సంగతి, బంతిలో నేను చూసిన ముఖం సంగతి, దవాఖానలో నేనాడిన మాట, అన్నీ చెప్పాను. నా భార్య కూడా అప్పుడే విన్నది. లేచి లోపలికి పోయింది. ఖాదర్ భాయ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. మామ చెప్పు తీశాడు, విసరలేదు, మళ్ళీ తొడుక్కున్నాడు. పోయినోని గురించి ఇప్పుడు తవ్వుకుని ఏం లాభం, మంది ఏమనుకుంటారు, అని గొణిగాడు.

బాలమణి మాత్రం దగ్గరికి వచ్చింది. ఏడవలేదు.

"యాక్సిలరేటర్ అని చెప్పుంటే ఆయనకు సమజయ్యేది బావా," అంది. "ఒక్క మాట. డ్రైవర్ గదా."

"తప్పైంది," అన్నాను.

"నాకు చెప్పకు. ఆయన్ని యాడ నిలబెట్టిన్రో గాడికి పోయి చెప్పు. నేను వస్త, వింట. మాఫ్ చేస్తనని మాత్రం అనుకోకు."

మల్దకల్‌కు ఆమె వేరే బస్సులో వచ్చింది. ఆ రోజు గుడి దగ్గర జనం బాగా ఉన్నారు. ముందు మామూలు రోజు పోదామనుకున్నాను. జనం వచ్చే శనివారమే రావాలని ఆమె కబురు పంపింది. నెత్తి మీద నీళ్ళు పోసుకున్నాను. పొడి బట్టలు పట్టుకోవడానికి ఎవరూ లేరు, గోడ పక్కన నేల మీద పెట్టాను. కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పాను. కాలింది. అతనికీ కాలే ఉంటుంది, ఆ రోజు నేను ఆ చేయి చూడలేదు. చుట్టూ జనం ఆగి చూస్తున్నారు. బాలమణి దూరంగా, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, తలెత్తి నిలబడి ఉంది.

అక్కడ నేనన్న మాటలు ఇవి. వినని వాళ్ళ కోసం ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

"కొత్తకోట డ్రైవర్ కుర్మయ్య తాగలే. గీడ ఆయన చేసిన ప్రమాణం నిజం. ఆయన మొకం ఉబ్బింది గోళీలతోని. గది నాకు ముందుగాలనే ఎర్క. ఎర్కుండి కాదని చెప్పిన. గోళీ మానేసిండని గూడ ఎర్క, ఊకున్న. అబద్ధం ఆడింది నేను. బాలమణీ, తప్పు నాది. కుర్మయ్యా, తప్పు నాది."